తాడు పట్టుకున్న చేతులు

హైదరాబాదు నుండి వరంగల్ రోడ్డు మీద ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణము చేస్తే భువనగిరి వస్తుంది. ఊరు కనిపించక ముందే బండ కనిపిస్తుంది. పొలాల మధ్య నుండి అతుకు లేని ఒకే ఒక్క రాయి దాదాపు 500 అడుగుల ఎత్తున లేచి నిలిచింది. కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్లు ఉంటుంది దాని ఆకారము. సికింద్రాబాదు నుండి కాజీపేట వైపు వెళ్ళే రైలులో కిటికీ ప్రక్కన కూర్చున్నవారు ఎవరైనా ఒకసారి తల త్రిప్పి చూడవలసినదే.

పశ్చిమ చాళుక్య రాజైన ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి 1126 వరకు పాలించాడు. ఆయనకు త్రిభువనమల్లుడని బిరుదు. ఆ బిరుదును బట్టి ఈ కొండకు త్రిభువనగిరి అని పేరు వచ్చి, రాను రాను భువనగిరి అయినదని చెబుతారు. చాళుక్యుల తరువాత కాకతీయులు ఈ కోటను ఏలారు. ఎవరూ ఎక్కి రాలేరనే కదా రాజులు ఈ బండను కోటకు ఎంచుకున్నది! ఇప్పుడు అదే బండకు పిల్లలను ఎక్కడము నేర్పించడానికే తీసుకొని వస్తున్నారు. కొండ అడుగున కొన్నేళ్ళుగా ఒక శిలారోహణ శిక్షణాలయము నడుస్తున్నది. పల్లెల యౌవనస్థులకు నాయకత్వము నేర్పే చోటు కూడా ఇదేనని చూచిన తరువాత, ఆ సంగతి మన పత్రిక పాఠకులకు చెప్పాలనిపించింది.

బండ దగ్గర ఒక ఉదయము

ఒక చలికాలపు శనివారము మా పాస్టరేటులోని నాలుగు పల్లెల నుండి 14 మంది యౌవనస్థులతో అక్కడికి వెళ్ళాము. వారిలో ఐదుగురు ఆడపిల్లలు. శిక్షకుడు తెల్లవారకముందే రమ్మన్నాడు. పొద్దెక్కితే బండ కాలుతుంది, చేతులు ఆనవు. వచ్చిన వెంటనే ఎక్కనివ్వలేదు. ముందు పరుగు, వ్యాయామము. తరువాత ముడులు వేయడము నేర్పాడు. ఎనిమిది అంకెలాగా ఉండే ఒక ముడి ఉన్నది. దానిని ప్రతివారు పదేసిసార్లు వేసి విప్పారు. వేసిన ముడిని వేసినవాడే సరిచూచుకుంటే చాలదు, ప్రక్కవాడు కూడా చేతితో పట్టి చూడాలి. ఇది అక్కడి మొదటి నియమము.

రెండవ నియమము: రెండు చేతులు, రెండు కాళ్ళలో ఏ మూడైనా ఎప్పుడూ బండను అంటిపెట్టుకొని ఉండాలి. ఒక్కటి మాత్రమే కదలాలి. తొందరపడి రెండు ఒకేసారి కదిలించినవాడు జారుతాడు. పల్లెలో తాటిచెట్టు, చింతచెట్టు ఎక్కిన పిల్లలకు ఈ మాట చెప్పగానే అర్థమైంది. పట్నము నుండి వచ్చే పిల్లలకంటే వీళ్ళ కాళ్ళకే పట్టు ఎక్కువని శిక్షకుడే అన్నాడు.

ఇక అసలు పాఠము. ఎక్కేవారి నడుముకు బిగించిన పట్టీకి తాడు కడతారు. ఆ తాడు పైన బండకు బిగించిన కొక్కెము గుండా పోయి, తిరిగి క్రిందికి వచ్చి మరొకరి చేతిలో ఉంటుంది. క్రింద నిలబడినవారు దానిని ఒక చిన్న ఇనుప పరికరము గుండా పోనిచ్చి, ఎక్కేవారు ఒక్కో అడుగు పైకి వేసేకొద్దీ సడలిన తాడును లాగుకుంటూ ఉండాలి. పైవారు జారితే వెంటనే బిగించాలి. ఈ పనికి బిలే అని పేరు. బిగించే చేయి తాడును ఒక్క క్షణమైనా విడువకూడదు. చీమ కుట్టినా, ఎవరైనా పేరు పెట్టి పిలిచినా విడువకూడదు.

మాతో వచ్చిన ఒక అమ్మాయి వెంట ఆమె తండ్రి కూడా వచ్చాడు. కూలి పని చేసుకునే మనిషి. ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చాడు. పిల్లను పంపడము ఆయనకు ఇష్టము లేదు, తల్లి పట్టుబట్టింది. ఒక చెట్టు క్రింద కూర్చొని అంతా చూస్తూ, చివరకు లేచి వచ్చి శిక్షకుణ్ణి అడిగాడు.

"సారూ, ఈ తాడు ఎంత బరువు ఆపుతది?"

"రెండు టన్నులకు పైనే."

"తాడు మంచిదే సారూ. పట్టుకున్నోళ్ళ సంగతేంది?"

శిక్షకుడు నవ్వలేదు. "అదే నేర్పిస్తున్నాను పెద్దాయనా" అన్నాడు.

మా కూటములలో ముందు వరుసలో నిలబడి గట్టిగా పాడే కుర్రవాడు ఒకడున్నాడు. ఏ పని చెప్పినా "నేను చేస్తాను" అంటాడు. మొదట తాడు అతనికే ఇచ్చారు. పైన స్నేహితుడు ఎక్కుతుంటే ఇతడు క్రింద ఉన్నవారితో మాటలలో పడ్డాడు. తాడు సడలి వ్రేలాడింది. శిక్షకుడు కోప్పడలేదు. పైవాణ్ణి ఆగమని చెప్పి, తాడు మెల్లగా ఇతని చేతిలో నుండి తీసుకొని, ఆ కూలివాని కూతురికి ఇచ్చాడు. వెనుక మరొకరిని తోడుగా నిలబెట్టాడు. ఆ పిల్ల ఎప్పుడూ కూటములో చివర కూర్చుంటుంది, అడిగితేనే గాని మాట్లాడదు. ఆమె తల ఎత్తి పైవాని పాదాలనే చూస్తూ నిలబడింది. అరగంటలో ముగ్గురిని ఎక్కించి దించింది. రెండవవాడు నిజముగానే జారాడు. తాడు బిగిసింది, వాడు జానెడు దూరము కూడా పడలేదు.

తండ్రి ఏమీ అనలేదు. మధ్యాహ్నము అన్నము తినేటప్పుడు మాత్రము కూతురి అరచేతులు రెండూ త్రిప్పి చూచి, "బొబ్బలు లెవ్వులే" అన్నాడు.

అపొస్తలుల కార్యముల గ్రంథము 9వ అధ్యాయములో దమస్కు పట్టణపు సంగతి ఉన్నది. పౌలును చంపాలని పగలు రాత్రి ద్వారాల దగ్గర కాపు కాస్తుంటే, శిష్యులు ఆయనను గంపలో ఉంచి గోడ మీదుగా దించారు. పౌలు పేరు ప్రపంచమంతటికీ తెలుసు. ఆ రాత్రి తాడు పట్టుకున్నవారి పేర్లు లేఖనములో లేవు. వారి చేయి సడలి ఉంటే? మనము నాయకుడు అనగానే ఎక్కేవాణ్ణి చూస్తాము. ఆ బండ దగ్గర మా పిల్లలు తాడు పట్టుకున్నవారిని చూడడము నేర్చుకున్నారు.

పాకాల నుండి ఎవరెస్టు దాకా

ఈ భువనగిరి బండ మీద మొదటి అడుగులు వేసిన ఒక పల్లెపిల్ల కథ చాలామందికి తెలిసినదే. మాలావత్ పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల గ్రామము. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకున్నది. అప్పుడు గురుకులముల సంస్థకు కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు, సాహస క్రీడలు డబ్బున్నవారి పిల్లలకే ఎందుకు అని ఆలోచించి, గురుకులముల నుండి వందకు పైగా పిల్లలను ఎంపిక చేయించి భువనగిరికి పంపించారు. 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు బాచినేపల్లి గారు వారికి గురువు. ఈ బండ మీద నిలిచినవారిలో కొందరు డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు వెళ్ళారు. ఆ తరువాత లడఖ్ చలిలో మరొక వడపోత జరిగింది. చివరకు ఇద్దరు మిగిలారు: పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్.

2014 మే 25న వారిద్దరూ టిబెట్ వైపు నుండి ఎక్కి ఎవరెస్టు శిఖరము మీద నిలిచారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్ళు నిండడానికి ఇంకా కొన్ని రోజులు ఉన్నాయి. ఆ వయస్సులో ఆ శిఖరము చేరిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. ఆమె అక్కడితో ఆగలేదు. ఏడు ఖండములలోని ఎత్తైన శిఖరములను ఒక్కొక్కటిగా ఎక్కుతూ, 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలితో ఆ ఏడింటినీ పూర్తి చేసింది.

అందరు పిల్లలు ఎవరెస్టు ఎక్కాలని ఇది చెప్పడము లేదు. అక్కడికి వెళ్ళినది ఇద్దరే. మిగిలిన వందమంది ఏమయ్యారని అడగాలి. వారు ముడి వేయడము, ప్రక్కవాని ముడి సరిచూడడము, భయము వేసినప్పుడు ఊపిరి నిదానించుకోవడము నేర్చుకొని బడికి తిరిగి వెళ్ళారు. ఆ నేర్చినది శిఖరము ఎక్కకపోయినా పోదు.

ఈ చదువు ఎక్కడ పుట్టింది?

ఆరుబయట నాయకత్వము నేర్పించే ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉన్నది. జర్మనీలో యూదుల ఇంట పుట్టిన కుర్ట్ హాన్ అనే విద్యావేత్త, హిట్లరును ఎదిరించినందుకు 1933లో దేశము విడిచి బ్రిటనుకు వచ్చాడు. తరువాత ఆయన క్రైస్తవుడయ్యాడు. రెండవ ప్రపంచ యుద్ధములో ఓడలు మునిగినప్పుడు ఒక వింత కనబడింది. చిన్న పడవలలోనికి ఎక్కిన నావికులలో బలమైన కుర్రవాళ్ళు ముందు చనిపోతున్నారు, వయస్సు మళ్ళిన నావికులు బ్రతుకుతున్నారు. కండబలము కాదు, కష్టములో తట్టుకొని నిలిచిన అనుభవమే కాపాడుతున్నదని హాన్ గ్రహించాడు. ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ సహాయముతో 1941లో వేల్స్ తీరాన అబర్‌డోవీ అనే ఊరిలో ఔట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణాలయము ప్రారంభించాడు. రేవు విడిచి నడిసముద్రానికి బయలుదేరే ఓడకు నావికులు చెప్పే మాట అది.

మన దేశములో 1953లో టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కిన తరువాత, 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. టెన్సింగ్ స్వయముగా అక్కడ శిక్షణ అధిపతిగా పనిచేశారు. 1965లో ఉత్తరకాశిలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ వచ్చింది.

అయితే విశ్వాసులకు ఇది క్రొత్త సంగతి కాదు. దావీదు గొఱ్ఱెలను కాచిన చోటనే ధైర్యము నేర్చుకున్నాడు. మన ప్రభువు శిష్యులకు పాఠములు చెప్పినది నాలుగు గోడల మధ్య కాదు. త్రోవలో, కొండ మీద, తుఫానులో కొట్టుకుపోయే దోనెలో చెప్పాడు. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఒక్కడే ఉదయము నుండి సాయంత్రము వరకు ప్రజల వ్యాజ్యెములు తీర్చి అలసిపోతుంటే, మామ యిత్రో చూచి మందలించాడు. పదిమందికి ఒకని, యాభైమందికి ఒకని, నూరుమందికి ఒకని, వేయిమందికి ఒకని నియమించుమన్నాడు. మన పల్లె సంఘములలో నేటికీ ఒక్క కాపరి, ఒకరిద్దరు పెద్దలే అంతా మోస్తున్నారు. పదిమందికి ఒకడు ఎక్కడ? వానిని మనము తయారు చేయలేదు గనుక వాడు లేడు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది ప్రాణాలు పోయాయి. అటువంటి రాత్రి ముసలివారిని, పిల్లలను ఎత్తైన చోటికి చేర్చడానికి, తాడు కట్టి దాటించడానికి, భయపడినవారిని నిలబెట్టడానికి ఊరికి పదిమంది యౌవనస్థులు కావాలి. అది పుస్తకములో చదివి వచ్చేది కాదు.

భయము నిజమే

తల్లిదండ్రుల భయము అవివేకము కాదు. కొండ ఎవరినీ గౌరవించదు. పూర్ణ ఎవరెస్టు ఎక్కిన సంవత్సరమే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. 2022 అక్టోబరులో ఉత్తరకాశి సంస్థ నుండి వెళ్ళిన శిక్షణ బృందము మీద మంచు చరియ పడి 20 మందికి పైగా మరణించారు. మన నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 2006లో 172 రోజులలో ఏడు ఖండముల శిఖరములనూ ఎక్కిన మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతములలో కన్నుమూశాడు. అంతటి అనుభవశాలి!

మంచు కొండలు వేరు, శిక్షకుని కన్ను ముందు బండ మీద తాడుతో చేసే అభ్యాసము వేరు. అయినా పిల్లలను పంపే ముందు ఈ ప్రశ్నలు అడుగుట తల్లిదండ్రుల హక్కు:

1. శిక్షకునికి గుర్తింపు పొందిన సంస్థ నుండి శిక్షణ ఉన్నదా?
2. ప్రతి పిల్లకు తలకు శిరస్త్రాణము, నడుముకు పట్టీ ఇస్తారా? తాళ్ళను ఎప్పుడెప్పుడు పరీక్షిస్తారు?
3. దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స ఎవరు చేస్తారు? దగ్గరి ఆస్పత్రి ఎంత దూరము?
4. ఆడపిల్లల వెంట బాధ్యత గల స్త్రీ ఉంటుందా? వారు పడుకొనే చోటు ఎటువంటిది?
5. పిల్ల "నా వల్ల కాదు" అంటే దించుతారా, బలవంతము చేస్తారా?

ఐదవ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ శిక్షణాలయము మంచిదో కాదో చెప్పవచ్చును. మంచి గురువు దించుతాడు. దిగివచ్చిన పిల్లను ఎవరూ ఎగతాళి చేయకుండా చూస్తాడు. మాతో వచ్చినవారిలో ఇద్దరు సగములోనే దిగారు. వారే తరువాత తాడు పట్టి మిగిలినవారిని ఎక్కించారు.

మన పిల్లలకు ఉన్న దారులు

డబ్బు లేదని, పల్లెటూరని వెనుకంజ వేయవలసిన పని లేదు. బడిలో, కళాశాలలో ఎన్.సి.సి. ఉంటే పిల్లలను తప్పక చేర్పించండి. 1948 నుండి నడుస్తున్న ఆ సంస్థ తన పిల్లలను ఎంపిక చేసి ట్రెక్కింగ్ శిబిరములకు, పర్వతారోహణ శిక్షణకు పంపుతుంది. ఆడపిల్లలకు కూడా అందులో స్థానమున్నది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వారు ఆరేడుగురు పిల్లలను ఒక దళముగా చేసి, వారిలో ఒకరిని దళ నాయకునిగా పెట్టి పని నేర్పుతారు. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో వారికి జాతీయ శిక్షణ కేంద్రమున్నది. కళాశాల పిల్లలకు ఎన్.ఎస్.ఎస్. ఉన్నది. సాంఘిక సంక్షేమ గురుకులములలో ఐదవ తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. పూర్ణ, ఆనంద్‌లకు తలుపు తెరచినవి గురుకులములేనని మరువవద్దు.

డార్జిలింగ్, ఉత్తరకాశి, మనాలి సంస్థలలో మొదటి స్థాయి శిక్షణ సుమారు నాలుగు వారములు ఉంటుంది. వయస్సు, రుసుము, వైద్య పరీక్ష నియమములు సంస్థను బట్టి మారుతాయి గనుక ముందుగా విచారించి, నెలల ముందే దరఖాస్తు పంపాలి. సంఘములో ఒక ఉపాధ్యాయుడు గాని ఉద్యోగి గాని కూర్చొని ఆ దరఖాస్తు నింపిపెడితే చాలు, ఎందరో పిల్లలకు అదే పెద్ద మేలు. అవకాశము లేక కాదు, కాగితము నింపే మనిషి లేక మన పిల్లలు ఆగిపోతున్నారు.

సంఘము చేయగల పని

అన్నిటికీ భువనగిరి వెళ్ళవలసిన అవసరము లేదు. ప్రతి పల్లెకు దగ్గరలో ఒక గుట్టో, వాగో, అడవి దారియో ఉంటుంది. వేసవిలో పిల్లల బైబిలు పాఠశాల ముగిసిన తరువాత, పెద్ద పిల్లలతో రెండు రోజుల నడక శిబిరము పెట్టండి. తల్లిదండ్రుల అనుమతి తీసుకొనండి. పదేసి మందిని ఒక గుంపు చేసి, పూటకు ఒకరు చొప్పున నాయకునిగా ఉండనివ్వండి. ఉదయము దారి చూపినవాడు మధ్యాహ్నము కట్టెలు మోయాలి, కట్టెలు మోసినవాడు సాయంత్రము దారి చూపాలి. వంట, నీళ్ళు, ప్రథమ చికిత్స, రాత్రి కాపలా, అన్నీ వారే చూచుకోవాలి. పెద్దలు దూరముగా ఉండి కనిపెట్టాలి. ప్రమాదము ఉన్నప్పుడు తప్ప చేయి పెట్టకూడదు. బాగా నడిచేవాడు ముందు కాదు, అందరికంటే మెల్లగా నడిచేవాడు ముందు నడవాలని నియమము పెట్టండి. అప్పుడు గుంపు విడిపోదు. రాత్రి నిప్పు చుట్టూ కూర్చొని, ఆ దినము ఎవరు ఎవరికి సహాయపడ్డారో చెప్పించండి. ఒక పాట, ఒక వాక్యము, ఒక ప్రార్థన.

లోతైన నీటిలో ఈత, తాడు లేకుండా బండ ఎక్కడము మాత్రము నేర్పరి లేనిదే చేయవద్దు.

ప్రియమైన తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా! మన యౌవనస్థులు పట్నములకు వలస పోతున్నారని, కూటములకు రావడము లేదని దిగులు పడుతున్నాము. వారి చేతికి మనము ఏమి అప్పగించాము? చాపలు పరచడము, మైకు తేవడము, క్రిస్మసుకు నక్షత్రము కట్టడము! అవి మంచివే. కాని ఒక మనిషి భారమును వారి చేతిలో ఒక్కసారైనా పెట్టామా? పెడితే వారిలో ఎవరు గట్టిగా పట్టుకుంటారో మనకే ఆశ్చర్యము కలుగుతుంది. ముందు వరుసలో ఉన్నవారు కాకపోవచ్చు, చివర కూర్చున్న పిల్ల కావచ్చు.

కొండలు మనకు సహాయము చేయవు. వాటిని కలుగజేసినవాడే మన సహాయకుడని కీర్తనకారుడు ఎరుగును. ఆ దేవుడు మన పల్లెల కుమారులకు, కుమార్తెలకు స్థిరమైన పాదములను, విడువని చేతులను దయచేయును గాక. ఒకరి భారము ఒకరు మోయు నాయకులుగా వారిని మన సంఘములలో నిలువబెట్టును గాక. ఆమేన్.